తగలని వేటు

ముందు మంత్రం, తర్వాత కత్తి అనుకోకు డెల్ఫీన్.
రెండూ ఒకే ఊపిరి.
మెరుపును పిలిచి వాదరకు కడతావు,
వాదర నీలంగా వణుకుతుంది,
ఆ వణుకు ఆగకముందే వేటు వెయ్యాలి.
పాచిక ఒక్కటే, ఇరవై ముఖాలది.
ఇనుముకొకటి మంత్రానికొకటి ఇవ్వను.
ఎదుటివాడి కవచం లెక్క దాటావా,
రెండూ కలిసి ఒకే గాయంలోకి దిగుతాయి.

మంత్రాలకు చింతకాయలు రాలవంటారు.
ఈ బల్ల మీద రాలతాయి.
కాకపోతే రాయి నువ్వే విసరాలి,
గురి నీదే.

"రాడ్డు తాకితేనే కదా ఆర్క్ పుట్టేది,"
అన్నాడు వెర్లిన్, నా పావుగంట పాఠాన్ని ఒక్క ముక్కలో తేల్చేస్తూ.
డులూత్ రేవులో, ఇనుపరాయి ఓడలకెక్కే చోట,
ముప్పై ఒక్క ఏళ్ళు వెల్డింగు చేసినవాడు.
అతని ఇంటి నేలమాళిగలోనే మా ఆట,
ఒక పక్క ఫర్నేసు, ఇంకో పక్క
వేటాడి తెచ్చిన జింక మాంసం నిండిన ఫ్రీజరు.
పాచికను కాఫీ కప్పులో వేసి బోర్లిస్తాడు.
వణికే చేతికి ఊపడం వేరే నేర్పాలా అని
తనే ముందు నవ్వుతాడు, మేం నవ్వడానికి వీలుగా.

"మరి తగలకపోతే?"
పదిహేడేళ్ళ పిల్ల, మొదటి రాత్రే అడిగింది.
మంచి ప్రశ్న.
తగలకపోతే మంత్రం పోదు.
కత్తిలోనే కూర్చుంటుంది, మళ్ళీ నీ వంతు వచ్చేదాకా,
ఆ పై వంతు దాకా, ఎంతసేపైనా.
కానీ ఈలోగా దేన్నీ ముట్టుకోకూడదు.
తలుపు గడియ, గుర్రం మెడ, తోటివాడి భుజం,
ముందు ఏది తగిలితే అందులోకి దిగిపోతుంది.
మెరుపుకు శత్రువెవరో తెలియదు.

ఆ రాత్రి వెర్లిన్ పాచిక పారలేదు.
నాలుగు. తొమ్మిది. మళ్ళీ నాలుగు.
వంతెన మీద ట్రోల్ నవ్వుతూనే ఉంది
(ఆ నవ్వు నాదే, ఆట నడిపేవాణ్ణి కదా).
పదకొండున్నరకి కాగితం మడిచేముందు
పెన్సిలుతో మూల రాసుకున్నాడు:
మెరుపు ఇంకా ఉంది.

తర్వాతి వారం సరస్సు మీంచి తుపాను.
ఆ పై వారం మార్లిస్ ఫోను, ఆసుపత్రి నుంచి.
ఆ పై వారం ఎవరూ ఎవరికీ ఫోను చెయ్యలేదు.
అయిదు వారాలు ఆ కత్తి
ఆ మడత కాగితంలో నీలంగా వణుకుతూ ఉండి ఉంటుంది.

వచ్చాడు చివరికి, మెట్లు ఒక్కొక్కటే దిగి.
కప్పు ఎత్తబోయాడు. లేవలేదు.
ఫర్నేసు రాజుకున్న చప్పుడు అందరం విన్నాం.
డెల్ఫీన్ అతని మణికట్టు పట్టుకుంది.
పట్టుకున్నాక నా వైపు తిరిగి,
"ఆటలో కూడా," అంది. "నా సిర్కా కూడా పట్టుకుంది."

పుస్తకం తెరవాల్సిన పని లేదు నాకు.
ముట్టుకుంటే దిగుతుంది.
ఈ ఒక్కసారికి వదిలేస్తానందామనుకున్నాను.
"తెలుసు," అంది. "లెక్కపెట్టు."

అయిదు పాచికలు. మొత్తం పదకొండు.
ఆమె ప్రాణం పంతొమ్మిదిని రబ్బరుతో చెరిపి
ఎనిమిది అని రాసింది, గుండ్రంగా, బడిపిల్లలా.
వెర్లిన్ కాగితం మూల ఉన్న మాటనూ
అదే రబ్బరుతో తుడిచింది.

కత్తి మళ్ళీ ఉత్త ఇనుమైంది.
రెండు చేతుల కింద కప్పు బోర్లాపడింది.
పదిహేడు.
తగిలింది. ఇనుము దెబ్బ, ఏడు.
ట్రోల్ చావలేదు, చావడానికి అది చాలదు.

మంచు తోసే బండి వీధి మలుపులో ఉందని,
కార్లు పక్కకి తియ్యమని
పైనుంచి మార్లిస్ కేక.
ఒక్కరూ లేవలేదు.
ఇక కొట్టాల్సింది ట్రోల్, అంటే నేను.
పాచిక నా గుప్పిట్లోనే వెచ్చబడుతోంది.