ఏడో ప్రశ్న

ఏడో ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది.
‘కావలసినదాన్ని మీ బిడ్డ వేలితో చూపిస్తాడా?’
అరబ్బీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి ఉంది.
తెలుగులో నన్ను నేనే అడిగాను,
పెదాలు కదపకుండా.

షార్జా, అల్ నహ్దా, మూడో అంతస్తు.
కరుణ హ్యాండుబ్యాగు నిండా టిఫిను డబ్బాల మూతలు.
అవి లేకపోతే వాడు కూర్చోడు.
గచ్చు మీద వరస పెడుతున్నాడు ఆషేర్,
ఎర్రది, తెల్లది, ఎర్రది,
నా బస్సు ఆగే స్టాపుల్లా.

నేను బడి బస్సు తోలతాను.
తెల్లారి అయిదుంపావుకి రోలాలో మొదలెట్టి
నలభై ఒక్క మందిని గేటు దగ్గర దించుతాను.
ఆ గేటు లోపలే మేడమ్
మా వాడి ఫైలు మెల్లగా మూసి
‘రిపోర్టు తెండి, చూద్దాం’ అంది.
ఆ మధ్యాహ్నం ట్రిప్పులో
వెనక నలభై ఒక్క నోళ్ళు ఒక్కసారే మాట్లాడుతుంటే
రేడియో తగ్గిద్దామని చెయ్యి చాపాను.
రేడియో ఆపే ఉంది.

ఫోన్లో అమ్మ:
‘మీ చిన్నాన్నకి అయిదో ఏటిదాకా మాట రాలేదు,
ఇప్పుడు చేపల సంతలో వాడి గొంతే గొంతు.
వస పొయ్యలేదు మీరు, అదీ సంగతి.’
రాజోలు నుంచి వస్తున్న దైవకృప చేత
వసకొమ్ము, ప్రార్థన చేయించిన నూనె సీసా పంపింది.
నూనె ఎయిర్‌పోర్టులో ఆగిపోయింది.
కొమ్ము వచ్చింది.
సానరాయి లేదు గనక గిన్నె అడుగున అరగదీసి
తేనెలో రంగరించి నాలిక్కి రాసింది కరుణ.
వాడు ఉమ్మేశాడు.
గిన్నెలో మిగిలింది నేను నాకాను.

పని చేసింది. నా మీద.
ఆ రాత్రి వసపిట్టలా వాగాను:
సెషనుకి మూడొందల యాభై దిర్హాములని,
ఇన్సూరెన్సు కార్డు దీనికి చెల్లదని,
నెలకి ఎనిమిదైతే నా జీతంలో
బియ్యం మూట కూడా మిగలదని,
వాడు కడుపులో ఉన్నప్పుడు నిన్ను
ఆ ఎండలో మెట్రో దాకా నడిపించానే, అందుకేనా అని.
ఆ మాట దగ్గర కరుణ లైటార్పేసింది.

డాక్టరు ఈజిప్టావిడ.
ఆవిడ అరబ్బీలో అడుగుతుంది,
నర్సు షైజా హిందీలో నాకు చెబుతుంది,
నేను తెలుగులో కరుణకి.
జవాబు మళ్ళీ అదే దారిన వెనక్కి.
ఒక్క మాటకి ఇంతమందిమి మోతగాళ్ళం.
మాట లేనివాడు మాత్రం
బల్ల కింద హాయిగా మూతలు సర్దుకుంటున్నాడు.

‘ఇంట్లో ఏ భాష?’
కరుణ తలొంచుకుంది.
పోయినేడు ఎవరో చెప్పారు, తెలుగు మానెయ్యమని,
ఒకే భాషైతే తొందరగా పట్టుకుంటాడని.
ఏడు నెలలుగా తనకి రాని ఇంగ్లీషులో
కమ్, సిట్, ఈట్ అంటోంది కన్నకొడుకుని.
బుజ్జి అని పిలవలేదు. బువ్వ అనలేదు.
డాక్టరు పెన్ను కింద పెట్టింది.
షైజా ద్వారా, నా ద్వారా వచ్చిందా మాట:
‘మీ భాష మానొద్దు.’
ఆ రోజంతా ఏడవని మనిషి
దానికి ఏడ్చింది.

ఏడో ప్రశ్నకి ఉన్నవి రెండే గళ్ళు, అవును, కాదు.
నేను రెండూ వదిలేసి అంచున తెలుగులో రాశాను:
వేలు చూపడు.
గరిటె కాడ పట్టుకున్నట్టు నా మణికట్టు పట్టుకుని
ఫ్రిజ్ దాకా, కుళాయి దాకా, కిటికీ దాకా లాక్కెళ్తాడు.
నా మొహం చూడడు.
ఏం రాశావని అడిగితే
సొంత చెయ్యి పట్టుకుని చూపించాను.
ఆవిడ చాలాసేపు రాసుకుంది.

అసలు పరీక్షకి అయిదు నెలల తర్వాత తేదీ ఇచ్చారు.
నా వీసా నాలుగు నెలలు.
చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

లిఫ్టులో వాడు నా చెయ్యి ఎత్తి,
చూపుడువేలు విడదీసి,
పదకొండు నొక్కించాడు.
మేం దిగాల్సింది కిందికి.
‘పోనీ బుజ్జీ, పద’ అంది కరుణ.
ముగ్గురం పైకెళ్ళాం.