నల్లా వచ్చే రోజు

మా పార్సిగుట్ట గల్లీల
రోజిడిసి రోజు వస్తది నల్లా.
తెల్లారగట్ల నాలుగున్నరకు
ముందు బుస్సుమని గాలి, ఎనుక ఎర్రనీళ్ళు,
ఆ తర్వాత మంచియి.
గల్లీ అంతా రెండు డ్రమ్ములు నింపుకొని మల్ల పండుకుంటది.
నేను
డ్రమ్ములు నిండినంక బిందెలు, బిందెలు నిండినంక గిన్నెలు,
చాయ్ గ్లాసులు, మొగిలి గడ్డం గీసుకునే మగ్గు,
ఆఖరికి మూత పోయిన టిఫిను డబ్బా.
"ఎల్లుండి మల్ల వస్తది గదనే" అంటడు మొగిలి.
వస్తదని నాకూ ఎరుకే.
ఎరుక ఒక అర్రల ఉంటది,
భయం ఇంకో అర్రల ఉంటది,
రెంటికీ మాటల్లేవు.

మొగిలి లిఫ్టులు బాగుచేస్తడు.
కొండాపూర్ల, గచ్చిబౌలిల, ముప్పై అంతస్తుల గుంతల్ల
బెల్టు కట్టుకొని దిగితే సిగ్నల్ ఉండది.
పెండ్లయిన కొత్తల్నే చెప్పిండు.
విన్న. తల ఊపిన.
అయినా మొదటి ఫోను కలవకపోతే పనిల ఉన్నట్టు,
మూడోది కలవకపోతే అలిగినట్టు,
తొమ్మిదోదానికి ఇంకొకతెను చూసుకున్నట్టు,
ఇరవయ్యోదానికి
నేనే ముందు ఇడిసిపోవాలని బ్యాగు సర్దుత.
వాడు గ్రీజు చేతులతోటి ఇంటికొచ్చేసరికి
తలుపు కాడ బ్యాగు,
బ్యాగు మీద నేను.
"నువ్వు మనిషివేనా" అని అరుస్త.
నా బట్టలు నేనే సర్దుకొని
వాణ్ణి "పోకు" అంట.

తార్నాకల ఖుర్షీద్ ఆపా దుకాణంల పీకో ఫాల్ కుట్టేదాన్ని.
మొదటి వారం ఆమె నాకు అమ్మకన్న ఎక్కువ.
ఆమె గాజులసొంటియే కొనుక్కున్న,
ఆమె నవ్వినట్టే నవ్విన.
ఓ మంగళవారం
"స్వరూపా, ఈ దారం రంగు కలుస్తలేదు బేటా" అన్నది.
దారాన్నే అన్నది.
నా తోలు ఊడదీసి కౌంటర్ మీద పరిచినట్టయింది నాకు.
కత్తెర ఇసిరికొట్టి మెట్రో ఎక్కిన.
మెట్టుగూడ రాకముందే కోపం దిగిపోయింది,
నేను దిగలేకపోయిన.
రాయదుర్గం దాక పోయి
అదే బండిల వాపస్ వచ్చిన,
ఆమెకు ఏమని చెప్పాల్నో కుట్టుకుంట, ఇప్పుకుంట.
ఈ ఏడాదిల మూడో కొలువు అది.

నాటకాలంటరు. మొండిదంటరు.
మా ఆడబిడ్డ యశోద
వంకాయకూర వడ్డిచ్చుకుంట, "ఎర్రగడ్డకు తోలుకపో" అన్నది.
తోలుకపోయిండు.
చిన్నప్పటి సంది తిట్టు లెక్క విన్న పేరు,
చూస్తే బస్సు బోర్డు మీద ఊరి పేరే.
ఓపీల చీటీ పట్టుకొని అందరూ
రేషన్ కాడ నిలబడ్డట్టే నిలబడ్డరు.
ఒకామె నా కొంగు బాగుందన్నది.

డాక్టరమ్మ ఓ పేరు రాసింది. పొడుగుది.
అండ్ల వ్యక్తిత్వం అనే మాటున్నది.
జరమైతే వస్తది, పోతది, మనిషి మిగుల్తది.
వ్యక్తిత్వానికే రోగమైతే మిగిలేదెవరని అడిగిన.
ఆమె పెన్నుకు మూత పెట్టి జరసేపు ఊకున్నది.
"ఇప్పుడు అడిగినామె" అన్నది.
ఇంకా చానా చెప్పింది, సగం మరిచిన.
ఒక్కటి యాదికున్నది:
చెయ్యి ఫోను మీదికి ఉరికినప్పుడు
సల్లటి నీళ్ళల్ల ముంచు.
నవ్వొచ్చింది.
నీళ్ళకేం కొదువ మా ఇంట్ల!

ఇయ్యాల మొగిలి మాదాపూర్ల ఉన్నడు.
మూడుసార్లు కొట్టిన. కలువలే.
నాలుగోదానికి వేలు పోతుంటే
డ్రమ్ముల మోచేతుల దాక ముంచిన.
గుంతల ఉన్నడు, గుంతల ఉన్నడు, గుంతల ఉన్నడు.
నమ్మలే. అనుకున్న, అంతే.
పదకొండు నిమిషాలు.
తర్వాత కొట్టిన, అది వేరే ముచ్చట.

పొద్దుగూకినంక వచ్చిండు.
తలుపు కాడ బ్యాగు లేదు.
చూసిండు, అడగలే.
బూట్లు ఇప్పుకుంట "రేపు నల్లా ఉన్నది" అన్నడు.
చాయ్ గ్లాసులు కడిగి బోర్లిచ్చిన.
మగ్గు ఖాళీ చేసి ఇచ్చిన.
టిఫిను డబ్బా
ఇంకా నిండే ఉన్నది.