పంతొమ్మిదోవాడు

గుడ్‌ఫ్రైడే మధ్యాహ్నం కేసోన్ సిటీలో
దేవుడు చచ్చిపోయి ఉంటాడు కాబట్టి
ఎవరూ గట్టిగా నవ్వరు, గోడకి మేకు కొట్టరు.
ఇవాళ తగిలిన దెబ్బ మానదని
అమ్మమ్మలు పిల్లల్ని గడప దాటనివ్వరు.

రోసెండా మాత్రం స్టూడియోలో
ఎముకలు విరుస్తోంది.

పచ్చి బొప్పాయిలో పిడికిలి దించితే కడుపు.
తడి తువ్వాలు సిమెంటు మీద మోదితే చెంప.
తూటికాడల కట్ట మెలిపెడితే మెడ.
ఫెళ్ళుమని కాదు, ముందు కిర్రుమని, తర్వాత పుటుక్కుమని.
ఆ తేడా తెలిసినందుకే జీతం.
మూడో రీలులో మొత్తం నలభైయేడు ఎముకలు,
సోమవారానికల్లా ఇచ్చెయ్యాలి.

తెర మీద ముసుగువీరుడు.
బొమ్మల పుస్తకంలోంచి దూకి
గడికీ గడికీ మధ్య ఉండే తెల్లటి సందుని కూడా
నెత్తురుతో పూడ్చుకుంటూ వస్తున్నాడు.
చివర్లో వాన. చేతులు బార్లా చాపి
కరెంటు స్తంభానికి వేలాడతాడు.

"చూశారా, సిలువ" అన్నాడు దర్శకుడు, కాఫీ కప్పు దించకుండానే.
"ముసుగంటే రాజ్యం. వీధే న్యాయస్థానం.
ఇది ఉత్త తన్నులాట కాదు."
మిక్సర్ ఇసగానీ హెడ్‌ఫోన్లు మెడలోకి జార్చి
"సిలువైతే మూడో రోజుదాకా ఆగాలి కదా సార్,
వీడు రెండో భాగం కోసం అప్పుడే లేచాడు" అన్నాడు.
అందరూ నవ్వబోయి, ఏ రోజో గుర్తొచ్చి, మింగేశారు.

రోసెండాను ఎవరూ అడగలేదు.
అడిగితే ఏం చెప్పేదో ఆమెకీ తెలీదు.
చిన్నప్పుడు తనూ తమ్ముడూ
గంటకో నాణెమిచ్చి అద్దెకు తెచ్చుకున్న బొమ్మల పుస్తకాల్లో
ముసుగు కనపడగానే ఎలిసియో కళ్ళు
చర్చిలో ఎన్నడూ మెరవనంత మెరిసేవి.
అది అబద్ధమని ఆమె అనదు.
ఎవడో ఒకడు పైనుంచి దూకాలనుకోవడం
ప్రార్థన కాదని ఎవరన్నారు?

కానీ ఎలిసియో కోసం వచ్చినవాళ్ళకీ ముసుగులున్నాయి.
ఇద్దరు. ఒక్క మోటార్‌సైకిల్.
అట్టముక్క మీద ఏదో రాసి
మెడలో తగిలించి పోయారు.
ఇవాళ పొద్దున సిలువ నెత్తిన
ఆ చిన్న పలకనే చూస్తూ కూర్చుంది ఆమె.
నేరం రాసి తగిలించడం కొత్తేం కాదు.

ఆ రాత్రి చెవిలో మిగిలింది తుపాకి కాదు,
అది టపాకాయలాగే ఉంది.
ఆ తర్వాత, చాలాసేపటికి అనిపించినంత తర్వాత,
కాలినుంచి జారిన రబ్బరు చెప్పు
మెట్టు మీద పడ్డ చప్పుడు.
టప్.
ఒక్కటే. రెండోది కాలికే ఉండిపోయింది.

మూడో రీలు, నాలుగో నిమిషం.
వీరుడు మేడ మీంచి ఒక్కొక్కణ్ణీ విసిరేస్తున్నాడు.
స్క్రిప్టులో వాళ్ళకి పేర్లు లేవు, అంకెలున్నాయి.
పద్దెనిమిదోవాడికి బొప్పాయి, తూటికాడలు.
పంతొమ్మిదోవాడు పడేలోపే కెమెరా
వీరుడి గడ్డం కింది వానచుక్క దగ్గరికి వెళ్ళిపోయింది.
రోసెండా తన కాలి చెప్పు విప్పింది.
మైకు ముందు మోకాలెత్తున పట్టుకుని
వదిలేసింది.

ఇసగానీ తలెత్తాడు.
"ఫ్రేములో చెప్పు లేదక్కా."
"ఉంది. నీకు కనపడదు."
అతను చెరపలేదు.
మూడు డెసిబెళ్ళు తగ్గించి ఉంచాడు.

జూన్‌లో, తొండోలో, టిక్కెట్టు కొనుక్కుని చూసింది.
పంతొమ్మిదోవాడికి ఈలలు పడ్డాయి.
చెప్పు వినపడలేదు.
సిలువ దగ్గర ఓ ముసలాయన
నుదుటినీ గుండెనీ తాకి గుర్తు వేసుకున్నాడు, నిజంగానే.
అదే వరసలో ఓ కుర్రాడు
వేళ్ళతో తుపాకి చేసి తెర మీదికి పేల్చాడు.

దీపాలు సగమే వెలిగాయి.
ముందు సీటు కింద ఓ పిల్లాడు వంగి
చీకట్లో జారిపోయిన చెప్పు కోసం తడుముతున్నాడు.
"ఎటువైపుది?" అని అడిగి
రోసెండా ఫోను వెలుగు పట్టింది.