ఎగరను

దేవనహళ్లిలో విమానం వాలినాక
మళ్లీ ఎగిరేలోపల మాకిచ్చేది ఇరవై నిమిషాలు.
ముందు తలుపులోంచి జనం దిగుతుండగానే
వెనక తలుపులోంచి మేం ఎక్కుతాం,
చేతులకు నీలం గ్లవ్సులు, నడుముకు సంచీ.

నేనెప్పుడూ విమానంలో పోలేదంటే
ఓబులేశు నవ్వుతాడు:
"రోజుకు పదకొండు ఎక్కుతావు కదక్కా!"
ఎక్కుతాను.
ఎగరను.

ఖాళీ అయినాక సీట్లు మాట్లాడతాయి.
పదిహేడో వరుస కిటికీ అద్దం మీద నుదుటి జిడ్డు,
సందులో ఆరు పిప్పరమెంటు కాగితాలు.
దిగేటప్పుడు చెవులు పోటెత్తిన పిల్లాడెవడో.
చప్పరించమని ఎవరో మంచి మాట చెప్పారు;
మింగిన ప్రతి గుటకకూ
చెవి తలుపు ఒక్కసారి తెరుచుకుంటుందట.

ఇరవై రెండులో మూత తియ్యని నీళ్ల సీసా.
ఇది మాత్రం నాకు కోపం తెప్పిస్తుంది.
పైన గాలి మా మడకశిర మే నెల గాలికన్నా పొడి అని
ఒక ఎయిర్‌హోస్టెస్ చెప్పింది
పగిలిన పెదాలకు వెన్నలాంటిదేదో రాసుకుంటూ.
తాగితే లేవాలి, లేస్తే పక్కవాళ్లను కదపాలి,
ఆ మొహమాటానికి
దాహాన్ని ఒళ్లో పెట్టుకు కూర్చుంటారు.
కదపండయ్యా.
వాళ్ల కాళ్లూ కాస్త సాగుతాయి.

ఒకసారి తొమ్మిదో వరుసలో
మూతి రెండు మడతలు వేసి
పైన దస్తీ కట్టిన వాంతి సంచి.
అంత కడుపు తిప్పటంలోనూ
నా చేతుల్ని తలుచుకున్న ఆ మనిషెవరో!
ఆ పూట ఎవరి మీదా విసుగు రాలేదు,
కాళ్లకింద బజ్జీల పొట్లం నూనె కాగితం చూసి కూడా.

మొన్న రాత్రి ఒకామె దిగలేదు.
రెండు విమానాలు మారి గువాహటి నుంచి వచ్చిందట,
చక్రాల కుర్చీ కోసం చూస్తోంది.
పాదాలు పొంగి చెప్పుల్లోకి పోవటం లేదు,
నా వల్ల ఆలస్యమవుతోందా అని
అడిగిన మనిషినే మళ్లీ అడుగుతోంది.
చీపురు పక్కన పెట్టి కింద కూర్చున్నాను.
చెప్పు పట్టీ వదులు చేశాను.
"మడమ ఆనించి, వేళ్లు పైకీ కిందకీ ఆడించమ్మా,
కుట్టుమిషను తొక్కినట్టు.
కూర్చున్నప్పుడల్లా తొక్కు.
గుడ్డ లేకపోయినా పర్లేదు."
ఆమె తొక్కింది. ఏడో వరుసలో
ఏ రవిక కుడుతోందో గానీ
నొసలు ముడి విడింది.
నా బ్యాడ్జి కూడబలుక్కుని చదివి,
"కదిరమ్మా, నువ్వు చాలా తిరిగినట్టున్నావే!" అంది.
నాలుగు నిమిషాలే ఉందని మునిరాజు కేకేశాడు.
చెప్పాల్సిన మాట
చీపురుతో పాటు లేచి వెళ్లిపోయింది.

ఆరింటికి డ్యూటీ దిగి కంపెనీ బస్సెక్కాను.
మేజోళ్లు విప్పితే
చీలమండల చుట్టూ కడియాల్లా అచ్చులు.
రాత్రంతా నిలబడ్డ కాళ్లు,
వీటికి ఎవరూ ఏమీ చెప్పలేదు.
ఓబులేశు చక్కోత పండు ఒలిచి
తొనలు అందరికీ పంచాడు.
పులుపుకి కళ్లు మూసుకుని
ముందు సీటు కిందకు కాళ్లు జాపి
మెల్లగా తొక్కటం మొదలుపెట్టాను.

హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే
ఒక గుటక మింగాను,
ఊరికే.