వడ్డన

మొదట్లో మేమంతా సంబరపడ్డాం.
షానన్ నది సరస్సై వెడల్పయ్యే చోట
పన్నెండడుగుల లోతున గులకరాళ్ళు కనిపిస్తున్నాయని
ఒకరికొకరం వేలు పెట్టి చూపించుకున్నాం.
ఫిన్‌టన్ ఒక్కడే పెదవి విరిచాడు:
"ఇంత తేటగా ఉందంటే
లోపల ఎవరో తినేస్తున్నారు."

తినేవాళ్ళు గోరంత.
ఒంటి నిండా చారలు.
పడవల పొట్టలకు అంటుకుని
ఎక్కణ్ణుంచో వచ్చిన ఆల్చిప్పలు.
తాడుకి, గొలుసుకి, ఒకదాని వీపు మీద ఇంకొకటి.
నా పంపుహౌస్ గొట్టంలో
ఒకప్పుడు ముంజేయి దూరే చోట
ఇప్పుడు బొటనవేలు దూరదు.
గీకిన రోజు నా చేతులు చూసి
ఏ పిల్లితో పోట్లాడావంది మా ఆవిడ.

క్లోరిన్ పోశాం.
రుచి చూశాయి, తలుపులేసుకున్నాయి.
విషం పారిపోయాక మళ్ళీ తెరిచాయి
ఏమీ ఎరగనట్టు.
నోరు మూసుకోవడం తెలిసినదాన్ని
చంపడం తేలిక కాదు.

అప్పుడొచ్చింది డెర్వ్‌లా, గోధుమరంగు పొడి సంచీతో.
మొక్కల వేళ్ళ చుట్టూ మట్టిలో బతికే
బాక్టీరియా అట. ముందే చంపి తెచ్చింది.
"చచ్చినదానితో చంపుతావా?" అన్నాడు ఫిన్‌టన్.
"వడ్డిస్తాను," అంది.

రేవు చుట్టూ ప్లాస్టిక్ తెర దించి
బకెట్లో కలిపి వంచింది.
నీళ్ళు పాలు విరిగిన టీలా అయ్యాయి.
పలక మీదివాటిని వంగి చూశాను.
ఒక్కటీ మూసుకోలేదు.
బంతిలో కూర్చున్నట్టు వరసగా
ఆవురావురుమని తిన్నాయి.

ఆ రాత్రి సూప్ ముందు
చెంచా ఎత్తి కాసేపు ఊరికే పట్టుకున్నాను.
బాగాలేదా, అంది ఆవిడ.
బాగుంది.
అదే.

పదో రోజు తెర తీశాం. కంపు.
చేత్తో తోస్తే చిప్పలు రాలాయి.
తడిసిన నోటుబుక్కులో గీతలు గీసి లెక్కపెట్టి
నూటికి ఎనభై అంది డెర్వ్‌లా,
తెరకి అవతలి సరస్సు వైపు చూస్తూ.

బురదలోంచి ఫిన్‌టన్ ఒకదాన్ని తీశాడు:
అరచేయంత, నల్లగా,
ఇక్కడే పుట్టిన పాత ఆల్చిప్ప.
దాని వీపున చారలవి పదిహేడు, ఖాళీవి.
కమలాపండు ఒలిచినంత నెమ్మదిగా
ఒక్కొక్కటీ గోటితో తీసి
నీళ్ళలో పెట్టాడు.
ఆ పొడి దీని జోలికి రాదని
డెర్వ్‌లా రెండుసార్లు చెప్పింది.

ముగ్గురం మోకాళ్ళ మీద.
చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత దారమంత సందు.

"ఇంకాసేపాగవే తల్లీ,"
అన్నాడు ఫిన్‌టన్, నీళ్ళకి మూతి ఆనించి,
"ఇప్పుడే తెరవకు."