చెవి లేని బండి

కుడి మోకాలు కొత్తది, ఎడమది పాతది.
రెంటికీ ఇంకా మాటల్లేవు.
"రోజుకి వెయ్యి అడుగులమ్మా" అన్నాడు పొగతోట డాక్టరు,
యాడ వెయ్యాలో చెప్పకుండా.

ఆస్పత్రి గేటు దగ్గర ఒకటి.
మందులషాపు మెట్టు నలభై.
బోండాల కుప్ప నూట పది.
రెండొందల పన్నెండు కాడ
ఫుట్‌పాత్‌కి అడ్డంగా నిలబడుండాది
పచ్చరంగు అద్దె స్కూటరు.

ఆవైతే అదిలిస్తా.
ఆటో అయితే "అబ్బయ్యా, కాస్త జరుపు" అంటా.
మనిషైతే, నాకూ నెల్లూరు నోరే గదా.
దీని యజమాని బెంగుళూరులో యాడో ఉన్నాడంట,
ఎక్కినోడు దిగి ఎప్పుడో పోయినాడంట.
తిట్టుక్కూడా ఒక చిరునామా కావాల.

కాలవ పక్కన దిగి, రోడ్డు మింద నాలుగడుగులేసి
మళ్ళీ పైకెక్కేసరికి
టౌన్ బస్సు హారన్లో లెక్క కొట్టుకుపోయింది.
ఆ నాలుగూ వెయ్యిలోకి వస్తాయా, రావా?
డాక్టర్ని అడగాల.

ఇవి కదిలినా చప్పుడుండదు.
కుచ్చిళ్ళు ఊగినాక తెలుస్తుంది
పక్కనించి ఒకటి పోయిందని.

తాళాలు చేసే కాలేషా
రేకు పెట్టె వెనక్కి జరుపుకొని, జరుపుకొని
గోడలోకి పోయేటట్టున్నాడు.
"ముప్పై ఏళ్ళల్లో నేను తెరవలేంది ఇదొక్కటేనమ్మా,
దీనికి చెవే లేదు" అంటాడు.
చెవి లేనిదానికి
ఎంత మొత్తుకుంటే ఏం లాభం?

మొన్న కాళ్ళు రెండూ ఒకేసారి మొరాయిస్తే
దాని సీటు మిందే కూలబడినా.
కుయ్యోమని ఒకటే కూత.
రోడ్డు రోడ్డంతా నా వంక చూసింది,
అరవయ్యేళ్ళకి బండి దొంగనైపోయినా.

కాలేషా గోనెపట్టా పరిచేలోగా
తెల్లకోటు పిల్ల ఒకతి పరిగెత్తుకొచ్చింది,
కళ్ళ నిండా రాత్రి డ్యూటీ.
"సారీ ఆంటీ, తెల్లారుజామున పెట్టింది నేనే.
ఇరవై రెండో వార్డులో రక్తం ఎక్కించాల,
ఆ టయానికి వేదాయపాళెం నించి బస్సు లేదు,
ఆటోవాళ్ళు నూట యాభై అడుగుతున్నారు."

ఇన్నాళ్ళకి చిరునామా దొరికింది.
దాచిపెట్టుకున్న తిట్లన్నీ వెతికినా,
ఒక్కటీ ఆ మొహానికి సరిపోలా.
"నిద్రమొహంతో తోలబాకమ్మా" అన్నా, అంతే.
ఫోను చూపించింది. కూత ఆగింది.
నా కుచ్చిళ్ళు ఊగినాయి.

ఖాళీ అయిన చోట
కాలేషా పెట్టె ఒక జానెడు ముందుకొచ్చింది.
నేను మంచినీళ్ళు తాగి లేచేలోగా
ఇంకోటెవరో తెచ్చి నిలిపి పోయినాడు,
వీపు మాత్రమే కనపడింది.

కాలవ పక్కన దిగినా, కొత్త మోకాలే ముందు.
ఈసారి ఆ నాలుగూ
లెక్కలో వేసుకున్నా.