ఐదూ ఇరవై సర్వీసు

చంటిపిల్లలకు టికెట్ లేదని
పదకొండేళ్లుగా చెప్తానే ఉన్నా
ఆదోని నుంచి కోసిగి దాకా, మళ్లా కోసిగి నుంచి ఆదోని దాకా.
మొన్న క్రెష్ మేడం
నా బిడ్డకు టికెట్ కొట్టింది:
నెలకు నాలుగువేల ఐదొందలు, అడ్మిషన్ వేరే,
డైపర్లు మనమే తెచ్చుకోవాల.

మంచి చోటే. అబద్ధమెందుకు.
కాలు పెడితే మెత్తగా దిగే రబ్బరు నేల,
గోడమీద పళ్లన్నీ కనపడేలా నవ్వే జిరాఫీ,
ఎనిమిది మందికి ఒక ఆయా, మెడలో ఫోటో కార్డు.
"కెమెరా ఉందమ్మా, ఫోన్లోనే చూసుకోవచ్చు" అన్నారు.
పెద్దతుంబళం దాటితే నాకు సిగ్నల్ ఉండదని
చెప్పబోయి ఊరుకున్నా.
గంటసేపు వదిలి చూడమన్నారు. వదిలినా.
గేటు అవతల బైకు సీటు మీద కూర్చోని
ఏడుపు కోసం చెవులు రిక్కించినా.
పాప ఏడవలేదు.
సంతోషపడాల గదా.
పడలేదు.

కాశింబీ ఇల్లు జిన్నింగు మిల్లు వెనక సందులో.
ఒకటే గది, రేకుల వసారాలో చాప.
ముప్పై ఏండ్లు పత్తి దులిపిన చేతులు
ఇప్పుడు పిల్లల్ని చూసుకుంటాయి,
ముగ్గురు, ఒక్కోనాడు నలుగురు.
ఫారం లేదు, రసీదు లేదు.
ఎంత ఇయ్యాల అంటే
"నీకు జీతం పడినంక మాట్లాడదాంలే" అనింది.
దారిలో స్క్వాడు నా సంచి తనిఖీ చేసినట్లు
నా కండ్లు ఆ ఇంటిని తనిఖీ చేసినాయి:
గ్యాసు బండ ఎంత దూరం, నీళ్ల తొట్టికి మూత ఉందా,
ఆ దగ్గేంది?
"దూదిది తల్లీ. మిల్లు ఇచ్చింది. ఎవరికీ అంటదు."
నేనడగక ముందే చెప్పింది.

అక్కడ పాప గుక్కపట్టి ఏడ్చింది.
కాశింబీ పరిగెత్తుకోని రాలేదు.
చాటలో కొర్రలు చెరుగుతానే
"ఆ, చెప్పు చెప్పు, ఇంకా ఏం చేసింది మీయమ్మ?" అని
నా మీద చాడీలన్నీ సగందాకా విని
అప్పుడు ఎత్తుకుంది.

ఆ రాత్రి ఓబులేసు పాత క్యాలెండర్ వెనకపక్క
నిలువునా గీత గీసినాడు. ఇటు క్రెష్, అటు కాశింబీ.
దగ్గు అని రాసినాడు,
కొట్టేసినాడు,
మళ్లీ రాసినాడు.
పత్తికొండ నుంచి ఫోన్లో అత్త:
"ఆయమ్మ ఇంట్లో ఏం తినిపిస్తారో ఏమో."
పాలు తాగే బిడ్డకు ఏం తినిపిస్తారత్తా,
అని నేను అనలేదు. ఓబులేసే అన్నాడు.
చానా రోజులకు వాని మీద ప్రేమ కలిగింది.

గీతకు రెండు పక్కలా రాస్తానే ఉన్నాం,
క్రెష్ తలుపు తెరిచేది ఎనిమిదిన్నరకని,
నా బండి ఐదూ ఇరవైకని
ఇద్దరికీ ముందే తెలిసి కూడా.
తేల్చింది డ్యూటీ చార్టు.
మేము ఆలోచించినాం, పాపకు రేపు చెప్పుకోడానికి.

దగ్గు మాత్రం నేను వదల్లేదు.
కాశింబీని ఆసుపత్రికి పిలుచుకపోయి ఎక్స్‌రే తీయించినా.
డాక్టరు కూడా దూదే అన్నాడు.
ఆమె ఆ ఫిలింను ఎండకు పట్టి చూసుకోని
"ఎంత తెల్లగుందో సూడు,
యార్డుకు తీస్కపోతే మొదటి రకం రేటిస్తారు" అని
దగ్గొచ్చేదాకా నవ్వింది.
నాకు నవ్వు రాలేదు.
ఆటోకు డబ్బులిచ్చినా.

సోమవారం. చీకటి ఇంకా చీకటిగానే ఉంది.
నిద్రలోనే పాప ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మారింది.
తల కొంచెం అటూ ఇటూ తిప్పి
సర్దుకునింది.
ఏడవలేదు.
ఈసారి నేను గేటు దగ్గర ఆగలేదు.

పెద్దతుంబళంలో ఒకామె బిడ్డను చంకనేసుకోని ఎక్కి
"దీనికి లేదు గదా మేడం?" అనింది.
తల ఊపినా. నోరు రాలేదు.
ఖాకీ కోటు కింద పాలు చేపుకొచ్చినాయి,
సంచిని ఎదకు అడ్డం జరుపుకున్నా.

వెనక సీట్లో కంబళి కప్పుకున్న పెద్దాయన
చిల్లర లెక్కబెట్టుకోని
ఇరవై రూపాయల నోటు వెనక్కిచ్చినాడు.
"ఎక్కువిచ్చినావమ్మా.
ఈ పొద్దే చేరినావా?"

ఊ, అన్నా.